కడియం కుండీల యూనివర్సిటీ

ఇవాళ పొద్దున్న రాజమండ్రిలో మా యూనివర్సిటీ గేటు దగ్గర ఆటో దిగేసరికి కడియం నర్సరీ వ్యాను ఒకటి దారికి అడ్డంగా నిలబడి ఉంది. కూలీలు అందులోంచి క్రోటన్ల కుండీలూ, బంతిపూల కుండీలూ దింపి లోపలికి మోస్తున్నారు. ప్రహరీగోడకి వేసిన రంగు ఇంకా ఆరలేదు. గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం ఈ వారంలోనే వస్తోందని నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇక్కడే చదివి, ఇక్కడే బోటనీ పాఠాలు చెప్పి, ఇక్కడే రిటైరైనదాన్ని, ఈ కుండీల భాగోతం నాకు కొత్త కాదు.

నాతో వచ్చినవాళ్ళు నరసాపురంలో ఉండే మా మేనల్లుడూ, వాడి కూతురూ. పిల్లకి ఇక్కడ ఎమ్మెస్సీ బోటనీలో సీటొచ్చింది. అద్దాల మేడలూ ఏసీ బస్సులూ ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పించాలని తండ్రి పట్టు, ఇక్కడే చదువుతానని పిల్ల పట్టు. చివరికి, తను ఒకసారి వచ్చి చూస్తాననీ, నచ్చకపోతే పిల్ల మారుమాట్లాడకుండా అక్కడ చేరాలనీ వాడు షరతు పెట్టాడు. "ఆ గవర్నమెంటు యూనివర్సిటీలో ఏముంది అత్తా, పాత గోడలు తప్ప" అని దారి పొడుగునా నా చెవిలో ఊదుతూనే ఉన్నాడు. ఆ మాట అంటున్నవాడు ఇక్కడి హాస్టలు పప్పుచారు తిని, ఇక్కడి లైబ్రరీ ఫ్యాను కింద చదివి, ఆ డిగ్రీతోనే బ్యాంకులో ఆఫీసరై కూర్చున్నవాడు. ఇలాంటివాళ్ళు మన జిల్లాల్లో వీధికి నలుగురున్నారు. తాము చదివినన్నాళ్ళూ దేవాలయం, తమ పిల్లల దగ్గరికి వచ్చేసరికి పాత గోడలు. వీళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

పిల్ల చేతిలో ఒక పాలపొడి డబ్బా, అందులో ఉప్పునీటి బురదలో పెరిగే జానెడు మడమొక్క ఉన్నాయి. అది ఎందుకు తెచ్చిందో చెప్పాలంటే నేను చేరిన రోజుల్లోకి వెళ్ళాలి.

మా నాన్నది నరసాపురం రేవులో చేపల వ్యాపారం, మా అమ్మ లేసు అల్లేది, మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కినదాన్ని నేనే మొదలు. అప్పట్లో బోటనీ హెడ్డుగా ఉన్నాయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం. చేరడానికి వచ్చిన ప్రతివాళ్ళూ తమ ఊరి నేలలో దానంతటది మొలిచిన మొక్క ఒకటి తెచ్చి డిపార్ట్‌మెంటు వెనక జాగాలో నాటాలని ఆయన ఒక ఆచారం పెట్టారు. కొన్న మొక్క పనికిరాదు, పేరు రాసి చీటీ కట్టకూడదు, ఏడాది తిరిగేలోగా ప్రతివాళ్ళూ మిగతావాళ్ళ మొక్కల ఆకు చూసి, నలిపి వాసన చూసి, అది ఏమిటో, ఏ ఊరి నేలదో చెప్పగలగాలి. వట్టి చేతులతో వస్తే ఎంత మార్కులవాడైనా సంతకం పెట్టకుండా వెనక్కి పంపేవారు. అలా వెనక్కి వెళ్ళిన అన్నవరం అబ్బాయి ఒకడు మర్నాడు రత్నగిరి వాలులోంచి మారేడు పిలక పట్టుకొస్తే గానీ మాతో పాటు బెంచీ మీద కూర్చోలేదు.

నేను ఉప్పుటేటి బురదలోంచి మడమొక్కని తీసి డబ్బాలో పెట్టుకుని పాసింజరెక్కితే, ఆ కంపుకి పక్కవాళ్ళు ముక్కు మూసుకుని జరిగి కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు మాత్రం ఆ డబ్బా రెండు చేతులా అందుకుని, "ఇన్నాళ్ళకి మన తోటలోకి సముద్రం వచ్చిందండీ" అన్నారు. చేపలమ్మే ఇంటి పిల్లని, నన్ను అంతవరకూ ఎవరూ 'అండీ' అని ఎరగరు. ఆ ఒక్క మాటతో ఆ యూనివర్సిటీ నాదైపోయింది. నీళ్ళు నిలవడానికి ఆయనే ఒక గుంట తవ్వించి, అవసరమో కాదో గానీ, వారానికొకసారి ఇంటినుంచి గుప్పెడు కల్లుప్పు తెచ్చి అందులో వేసేవారు. కొన్నాళ్ళకి బురదలోంచి దాని ఊపిరి వేళ్ళు పైకి పొడుచుకొస్తే, ఏజెన్సీ కొండల నుంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకు తీగ తెచ్చిన అమ్మాయీ నేనూ గుంట పక్కన గంతులేశాం.

అప్పుడు మాత్రం మా భవనాలేం గొప్పవి? వాన పడితే లేబరేటరీలో బకెట్లు పెట్టేవాళ్ళం. అయినా పరీక్షలకి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే ప్రొఫెసర్లు ముందు ఆ తోటలో తిరిగి ఆ తర్వాతే కాఫీ ముట్టేవారు. ఇంటర్వ్యూలో ఫలానా చోట చదివామని చెబితే, అవతలివాళ్ళు ఆ తోట గురించి అడిగేవారు. పేరంటే అది, ఫ్లెక్సీ కట్టించుకుంటే వచ్చేది కాదు.

నేను లెక్చరరునై, మాస్టారు రిటైరయ్యి ధవళేశ్వరంలో స్థిరపడిన కొన్నేళ్ళకి మొదటిసారి తనిఖీ బృందం వస్తోందన్నారు. మా పాలకులకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రంగులు వేయించారు, కుర్చీలకి గుడ్డలు తొడిగించారు, అటెండర్లకి బూట్లు కొనిపెట్టారు. ఆ ఊపులో వెనక తోట అడవిలా ఉందనీ, చూసేవాళ్ళకి అసహ్యంగా ఉంటుందనీ, మొత్తం చదును చేయమనీ ఆర్డరు వేశారు. నేను ఆఫీసుకి వెళ్ళి పోట్లాడాను. మన పేరంతా ఆ తోటలోనే ఉందయ్యా అంటే, "పాములుంటాయి మేడమ్, టీముకి ఏమైనా అయితే ఎవరండీ సమాధానం చెప్పేది" అని నాకే నీతులు చెప్పారు. మర్నాడు యంత్రం వచ్చింది. మధ్యాహ్నానికి నేల నున్నగా అయింది. సాయంత్రానికి కడియం నుంచి అద్దె కుండీలు దిగాయి. ఆ బుద్ధిహీనులకి బీడుకీ తోటకీ తేడా తెలియదు, తెలిసినవాళ్ళని అడిగే అలవాటూ లేదు.

వచ్చిన బృందానికి పెద్ద ఒక ముసలాయన, తానూ బోటనీ చెప్పినవారే. వస్తూనే, మీ వెనక తోట గురించి వయసులో ఉన్నప్పటి నుంచి వింటున్నాను, ముందు అది చూపించండి అన్నారు. మావాళ్ళు ఆయన్ని సగౌరవంగా తీసుకెళ్ళి క్రోటన్ల ముందు నిలబెట్టారు. ఆయన వంగి, కుండీ మీద ఎర్ర రంగుతో రాసి ఉన్న నర్సరీ పేరు చదువుకుని, నా వైపు ఒక్కసారి చూసి, ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. సిగ్గుపడాల్సినవాళ్ళెవరూ సిగ్గుపడలేదు. పైగా గ్రేడు కూడా మంచిదే వచ్చింది. నాకు అన్నిటికంటే కడుపుమంట అదే. కుండీలు పెడితే గ్రేడొస్తుందని వాళ్ళకి రూఢి అయిపోయింది, అప్పటినుంచి ప్రతిసారీ అదే వ్యాను, అవే క్రోటన్లు. చదును చేసిన చోట సెమినార్ హాలు లేచింది.

మాస్టారికి చెప్పక తప్పలేదు. ధవళేశ్వరంలో ఆయన వరండాలో కూర్చుని అంతా చెబితే, "ఆ మడమొక్క కూడానా అండీ" అని మాత్రం అడిగారు. నాకు దుఃఖం ఆగలేదు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ గేటు వైపు వెళ్ళలేదు.

ఈ కథ చిన్నప్పటి నుంచి నా నోట విన్నది కాబట్టే మా పిల్ల ఇవాళ ఆ డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ ఆచారం ఎప్పుడో పోయిందే అని చెబితే, నాకు పోలేదు కదా అంది. తీరా గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ మొక్క లోపలికి తీసుకెళ్ళకూడదమ్మా. టీము వెళ్ళేదాకా బయటి మొక్కలు రానివ్వద్దన్నారండి. మళ్ళీ కుండీలు వ్యానెక్కించేటప్పుడు కలిసిపోతే నర్సరీవాళ్ళతో గొడవండి" అన్నాడు. పాపం, అతని తప్పేముంది.

మా మేనల్లుడి మొహం వెలిగిపోయింది. "చూశావా అత్తా, మీ యూనివర్సిటీలో మొక్కకి కూడా సీటు లేదు. పద, ఇటునుంచి ఇటే ఆ కాలేజీకి వెళ్ళిపోదాం" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ కుండీలు వరసగా లోపలికి వెళుతుంటే, తీసుకుపోరా నాయనా, ఈ పిల్ల ఇక్కడ చేరి ఏం బావుకుంటుంది అనే మాట గొంతు దాకా వచ్చింది.

పిల్ల డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మామ్మా, ఇది నువ్వు పట్టుకో, నేను చేరి వస్తాను" అని, తండ్రి వైపు తిరిగి, "గోడలు చూస్తానన్నావుగా నాన్నా, చూస్తూ ఉండు" అని, సర్టిఫికెట్ల సంచీ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఎదురుగా టీకొట్టు బెంచీ మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నేళ్ళయినా ఆ బురద వాసన ఏమీ మారలేదు. గేటు మాత్రం అద్దె క్రోటన్లకి బార్లా తెరుచుకునే ఉంది, మీది ఏ ఊరని వాటినెవరూ అడగలేదు. మా రోజుల్లో మొక్క లేనిదే పిల్లని చేర్చుకునేవారు కాదు. ఇవాళ పిల్లని చేర్చుకుని, మొక్కని నాతో పాటు బయట కూర్చోబెట్టారు.