చేతికి బదులు చెప్పే లివరు

స్క్రూ బిగించి, కడ్డీని కుడివైపుకు తోసి, పెట్టెను చెవికి ఆనించుకున్నాను. టిక్. ఎడమకు తోశాను. టిక్. పైకి తోస్తే మాత్రం కాస్త ఆలస్యంగా, అప్పుడే నిద్రలేచి పలికినట్టు పలికింది. మళ్ళీ విప్పాను. బెంగళూరులో ఎవరో అబ్బాయి ఫైటింగ్ గేముల కోసం నాతో చేయించుకుంటున్న జాయ్‌స్టిక్కు అది. మధ్యలో కడ్డీ, దాని చుట్టూ స్ప్రింగు, నాలుగు వైపులా నాలుగు బుల్లి స్విచ్చులు. అంతే సంగతి. ఈ కాస్త తేడా ఆ అబ్బాయికి తెలియకపోవచ్చు. కానీ ఆ చప్పుడు, వేళ్ళకంటిన గ్రీజు వాసన కలిశాయంటే చాలు, రత్నం మామ గొంతు నా చెవిలో మొదలవుతుంది. "యాడో సోమరితనం ఉండాది పాపా, ఇంగోసారి విప్పు." ఆయన అలా అన్నాక విప్పకుండా ఉండడం నా వల్ల కాదు.

రత్నం మామ మాకు చుట్టం కాదు. కేజీఎఫ్‌లో మా లైనులోనే, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరుసలోనే, మా ఇంటి గోడకు ఆనుకున్న ఇల్లు. బంగారు గని మూతపడేదాకా ఆయన వైండింగ్ డ్రైవరు. మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. గనిలోకి మనుషులు ఇనుప బోనులో దిగేవాళ్ళు. పైన ఇంజను గదిలో కూర్చుని, ఆ బోనును లివరుతో దించి, లివరుతో పైకి తెచ్చేవాడే వైండింగ్ డ్రైవరు. బోను ఆయన కంటికి కనిపించదు. కింది నుంచి గంట ఎలా మోగిందో వినాలి, చేతి కింద లివరు ఎలా ఉందో తెలుసుకోవాలి. ఆయన చెయ్యి లివరు మీద ఉన్నంతసేపూ గదిలో ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే.

గని మూతపడ్డాక మావాళ్ళంతా పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోవడం మొదలుపెట్టారు. మామ కూడా ఒకరోజు ఆ రైలెక్కాడు. వచ్చేటప్పుడు మాత్రం లారీలో వచ్చాడు. అక్కడ ఎవరో మూసేసిన గేముల అంగడి నుంచి పాత వీడియో గేము మిషన్లన్నీ ఎక్కించుకుని తెచ్చాడు. రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల కొట్టు వెనక గదిలో వాటిని నిలబెట్టాడు. లైనంతా నవ్వింది. మా అమ్మయితే మొహం మీదే అడిగేసింది.

"ఏమన్నా, ఈ వయసులో నీకు పిల్లకాయల ఆటలా?"

"లివరు పట్టుకొనే పని యాడుంటే ఆడికి పోతాను చెల్లెమ్మా. నాకు ఇంగేం తెల్సు?" అన్నాడు.

నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న రోజులవి. ఊడ్చడానికి, మిషన్లలో వేసే బిళ్ళలు ఇవ్వడానికి ఒక మనిషి కావాలంటే వెళ్ళాను. వెళ్ళినదాన్ని ఊడ్చి ఊరుకోలేదు. ఈ మిషన్‌కు బంతి పిడి ఎందుకు, దానికి గిలక్కాయలాంటి పొడుగు పిడి ఎందుకు, ఇది ఎందుకు చప్పుడు చేస్తుంది, అది ఎందుకు చెయ్యదు అని ఊపిరాడకుండా అడిగాను. మామ విని విని స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు.

"నోట్లో ఉండే చురుకు చేతిలో ఎంతుండాదో సూస్తాం. విప్పు."

అలా మొదలైంది నా చదువు. కడ్డీ కింద ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది, కడ్డీ ఎంత దూరం, ఎటు పోవచ్చో చెప్పే కంచె లాంటిది. దాని మధ్య రంధ్రం చతురస్రంగా ఉంటే కడ్డీ మూలల్లోకి సూటిగా పోయి తగులుతుంది, ఫైటింగ్ గేములో మూలకు తోసి కొట్టే దెబ్బలు తప్పకుండా పడతాయి. ఎనిమిది మూలలదైతే ఏ దిక్కుకు పోయామో చేతికే తెలుస్తుంది, కొత్తవాళ్ళకు హాయి. విమానంతో కాల్చుకుంటూ పోయే గేముకైతే కడ్డీ దూరం పోకూడదు, వెంట్రుక వాసి కదిపితే కదలాలి, వదిలితే ఆగాలి. ఇదంతా మామ నోటితో చెప్పలేదు. పలకలు మార్చి మార్చి బిగించి, నా కళ్ళకు తువ్వాలు కట్టి, ఏది ఏదో చెప్పమనేవాడు. తప్పు చెబితే తిట్టడు. "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కంటే మా అమ్మ తిట్లే నయం.

అంత తెలిసిన మనిషి ఒక్క విషయంలో మాత్రం మొండి. కొన్న స్ప్రింగులన్నీ తీసేసి, గట్టి స్ప్రింగులు వేసేవాడు. పిల్లలు రెండు చేతులతో లాగాల్సి వచ్చేది.

"మామా, ఇది జాయ్‌స్టిక్కా, లారీ గేరా? నా ఫైటరు గుద్దే లోపల వాడు టీ తాగొచ్చి నన్ను గుద్దుతాండాడు!" అని ఆండర్సన్‌పేట నుంచి వచ్చే ఒకడు గోల పెట్టేవాడు.

"అంగీ తగిలితే కదిలే లివరు లివరే కాదప్పా" అనేవాడు మామ. "కింద మనుషులు ఉంటారు."

కింద మనుషులు ఎక్కడున్నారు, సిమెంటు నేల తప్ప? పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నేను నవ్వలేకపోయేదాన్ని. బోను దించిన చెయ్యి అది, అలవాటు వదులుకోమంటే ఎలా వదులుకుంటుంది?

తర్వాత ఒక వానాకాలంలో ఆ చేతికే పక్షవాతం తగిలింది. నడక మళ్ళీ వచ్చింది, మాట వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకోవు. ఆయనకు ప్రాణమైన విమానాల గేము దగ్గరికి వెళ్ళి, బంతి పిడిని పట్టుకోబోయి, వేళ్ళు జారిపోతే, ఎవరూ చూడలేదన్నట్టు జేబులో పెట్టుకున్నాడు. నేను చూశాను. ఆ వారమే పాత ఇనుము కొనే మనిషిని బేతమంగళ నుంచి పిలిపించాడు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి మిషన్లన్నీ ఎత్తుకుపొమ్మన్నాడు.

"నేను సూసుకుంటాను గదా మామా, మిషన్లు ఉండనీ" అన్నాను.

"లివరు పట్టలేనోడికి ఇంజను రూములో ఏం పని పాపా? సుమ్నే ఉండు."

సుమ్మనే, అంటే ఊరికే, ఉండడం నాకు పుట్టుకతో రాదు. ఆయన ఇంటికి పోగానే విమానాల మిషన్ విప్పాను. మొదట మెత్తని స్ప్రింగు వేశాను. బలం లేని చేతికి మెత్తనిదే కదా కావాల్సింది అనుకున్నాను. మర్నాడు బతిమాలి ఆయన్ను దాని ముందు కూర్చోబెడితే, అరచేత్తో అలా తోసి వెంటనే చెయ్యి తీసేశాడు.

"ఇది సచ్చిన లివరు. చేతికి బదులు చెప్పదు."

నిజమే. వదిలినా మధ్యకు రాలేదు, విమానం తనంతట తాను పక్కకు జరిగిపోయి పేలిపోయింది. కోపం వచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది. కానీ ఆ మాట పట్టుకుని ఆలోచించాను. ఆయనకు కావాల్సింది తేలికైన లివరు కాదు. ఆయన చెయ్యి అడిగిన ప్రతిసారీ తిరిగి పలికే లివరు.

ఆయన గట్టి స్ప్రింగునే మళ్ళీ పెట్టాను. స్ప్రింగు బిగువు తగ్గించకుండా కడ్డీ కదలాల్సిన దూరం తగ్గించాను. కడ్డీ అడుగున స్విచ్చుల్ని నొక్కే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దానికి సైకిల్ ట్యూబు ముక్క బిగించి లావు చేశాను, కొద్దిగా కదిపితేనే స్విచ్చు నొక్కుకునేలా. కడ్డీని కాస్త పొడుగు చేశాను, ఎత్తు పెరిగితే తోసే బలం తక్కువ పడుతుంది. ఇక పిడి. ముడుచుకోని వేళ్ళతో బంతిని పట్టుకోలేడు, అరచెయ్యి ఆనించాలి. బజారంతా తిరిగితే బూదికోట నుంచి కొయ్య సామాను తెచ్చి అమ్మే ముసలమ్మ దగ్గర పిల్లల బొంగరం దొరికింది. మేకు పీకి, రంధ్రం పెద్దది చేసి, అక్కడే కడ్డీకి ఎక్కించాను. లావు భాగం పైకి వచ్చి, అరచేతిలో కోడిగుడ్డులా కూర్చుంది.

ఆదివారం ఇనుము కొనే మనిషి వాకిట్లో బండి ఆపి బీడీ ముట్టించాడు. ఆటలకొచ్చిన పిల్లలు మిషన్లు పోతాయని మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. మామ చర్చి బట్టలతోనే వచ్చి బొంగరం వైపు చూశాడు.

"ఇదేందే, తిరునాళ్ళ సామానా?"

"పట్టుకొని సూడు మామా. నచ్చకుంటే బండికెత్తుదాం, నేనే ఒక పక్క పడతాను."

అరచెయ్యి ఆనించాడు. గది మొత్తం నోరు మూసుకుంది, నేను కూడా. టిక్. టిక్. విమానం ఎడమకు వంగి, గుండ్ల వాన మధ్యలోంచి దూరి, కుడికి వచ్చి ఆగింది. ఆపిన చోట ఆగింది. మామ భుజాలు మెల్లగా కిందికి దిగాయి, పక్షవాతం తర్వాత మొదటిసారి. చాలాసేపు ఆడాడు. పెద్ద శత్రు విమానం దగ్గర ఓడిపోయి, చెయ్యి తీసి, బొంగరాన్ని బొటనవేలితో నిమిరాడు. తర్వాత వాకిలి వైపు తిరిగాడు.

"ఎల్లబ్బా. ఇనుము లేదు ఈడ, మిషన్లు ఉండాయి."

బండాయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పిల్లలు ఈలలు వేశారు. మామ నా వైపు చూడకుండానే అన్నాడు: "నా స్ప్రింగు నాకు ఉంచినావు. తక్కిన మిషన్లకు పిల్లకాయల చేతికి తగినట్టు వెయ్యి. సామాన్లు నువ్వే ఏరుకొని రా."

అప్పటిదాకా బెంగళూరు పోయి సామాన్లు ఏరడం ఆయనొక్కడి పని, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. ఇవాళ ఎవరెవరో దూరదూరాల నుంచి నా చేత కంట్రోళ్ళు చేయించుకుంటారు. కొందరు బొటనవేలు లేదంటారు, కొందరు ఎడమచేతి వాటమంటారు. ఎవరైనా సరే, ముందు వాళ్ళ చెయ్యి చూపించమంటాను, ఏ గేము అని తర్వాత అడుగుతాను. ఇది నా తెలివి అనుకుంటారు వాళ్ళు. నేనూ కాదనను, నాకు గురువిచ్చిన తెలివి నాది కాకపోతే ఎవరిది?

మామ సామాన్లు ఏరుకొని రమ్మన్న మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. సీట్లో కూర్చుని ఎదురుగా ఉన్న గార్మెంట్స్ అక్కలకు జరిగిందంతా చెబుతూనే ఉన్నాను, వాళ్ళు నిద్రపోతున్నా సరే. బెంగళూరులో విడిభాగాల అంగడి ఆయన నా భుజం మీదుగా వెనక ఎవరున్నారోనని చూశాడు.

"మీ మెకానిక్ రాలేదామ్మా? ఆయనకు ఏ స్ప్రింగు కావల్నో అడిగి రాపో."

"అడిగేసినానప్పా, వచ్చేసినాను" అని, ఆయన ముందున్న డబ్బా నా వైపుకు లాక్కుని, స్ప్రింగులు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నొక్కి చూస్తూ ఏరడం మొదలుపెట్టాను.