రెండుసార్లు పంపే లైబ్రరీ

ఫాయిజాకి కోపం వస్తే మాట్లాడదు, గబగబా టైపు చేస్తుంది. 2009 వేసవంతా ద్వారకానగర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె కీబోర్డు టపటపలాడుతూనే ఉంది. పక్కసీటువాళ్లు మళ్లీ లైబ్రరీ గొడవే అనుకునేవారు. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలవి కాదు. ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క, మనం తెచ్చుకుని మన ప్రోగ్రాములో వాడుకునేది.

పని పెద్దదేం కాదు. గాజువాకలో ఒక లారీ యూనియన్ ఉంది. స్టీలు లోడింగుకి వచ్చిన లారీల పేర్లు అక్కడి గుమస్తా కోటి కంప్యూటర్లో కొడతాడు. ఫాయిజా ప్రోగ్రాము వాటిని నెట్ మీద స్టీలు యార్డు కంప్యూటరుకి పంపి, వరస నంబర్లు తెచ్చిపెట్టాలి. ఈ పంపే పనికి ఆమె రెండు లైబ్రరీలు చూసింది. ఒకటి చిన్నది. చెప్పింది చేస్తుంది, జవాబు రాకపోతే రాలేదని చెప్పి ఊరుకుంటుంది. రెండోది పేరున్నది, అతితెలివిది. పది సెకన్లలో జవాబు రాకపోతే ఎవర్నీ అడక్కుండా తనే మళ్లీ పంపేస్తుంది. దాన్ని ఆపడం ఎలాగో, దాంతోపాటు ఇచ్చిన వందల పేజీల వివరణలో రెండు రోజులు వెతికినా దొరకలేదు.

నంబరు రెండుసార్లు అడిగితే నష్టం లేదు. పేరు అందాక జవాబు ఆలస్యమై, అదే పేరు రెండోసారి రాయిస్తే మాత్రం కొంప మునుగుతుంది. నల్లబల్ల మీద సుద్దతో రాసే రోజుల నుంచీ ఆ యూనియన్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకే లారీ పేరు రెండుచోట్ల కనిపిస్తే మోసమని రెండూ కొట్టేసి, ఆ లారీని వరస చివరికి పంపేస్తారు.

ఇదంతా ఫాయిజా మేనేజరు గురునాథరావుకి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పెద్ద పెద్ద కంపెనీలు వాడేదాన్ని కాదని ఎవడో ఇంట్లో కూచుని రాసినదాన్ని పెడితే యూనియన్ వాళ్లకి ఏం సమాధానం చెప్పమంటావన్నాడు. లారీలవాళ్లు లైబ్రరీ పేరు అడుగుతారట! ఆమె మెయిల్ పెట్టింది. "చూద్దాం" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఒళ్లు మండిపోయింది. చచ్చినట్టు ఆ పెద్దదాన్నే పెట్టి పని ముగించింది. మెయిల్ ఉంది కదా, రేపేదైనా అయితే తన తప్పు కాదనుకుంది.

మూడు వారాలకి ఫోనొచ్చింది. వీరన్న అనే పెద్దాయన లారీ పేరు రెండుసార్లు పడిందట. ఆయన నాలుగు రోజులు కాచుకున్నాక, తెల్లారితే లోడింగనగా ఎవరో చూసి పట్టుకోవడంతో రెండూ కొట్టేశారు. కోటి రెండుసార్లు నొక్కాడని చెప్పి వచ్చెయ్యమని గురునాథరావు ఆమెని పంపాడు.

యూనియన్ షెడ్డులో పెద్దల ముందు వీరన్న నిలబడి ఉన్నాడు.

"నాను ఒక్కసారే సెప్పాను బావ," అంటున్నాడు అధ్యక్షుడితో.

పక్కన కోటి తనూ ఒక్కసారే నొక్కానని ఒట్టు పెట్టుకుంటున్నాడు. ఇద్దర్నీ ఎవరూ నమ్మడం లేదు. కంప్యూటరు ఊరికే రాయదు కదా అని పెద్దల వాదన.

సారు చెప్పమన్న మాట ఫాయిజా నాలుక చివరే ఉంది. కోటి మొహం చూశాక అది బయటికి రాలేదు. తప్పు తన ప్రోగ్రాముదేనని, వీళ్లిద్దరిదీ కాదని, జరిగింది విడమరిచి చెప్పేసింది. పెద్దలు కాసేపు గుసగుసలాడుకుని వీరన్న వరస వీరన్నకిచ్చేశారు. ఆమె ప్రాణం తేలికపడింది. ఇన్నాళ్లకి తన మాటే నెగ్గిందని గర్వం కూడా కలిగింది.

వీరన్న దగ్గరికొచ్చి దణ్ణం పెట్టబోయి ఆగాడు.

"ఇలాగవుద్దని నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసండి. నెల కిందటే మా సారుకి మెయిల్ కూడా పెట్టాను."

"మీ సారుకి సెప్పావు. లారీ నాది కదమ్మా. నాకెందుకు సెప్పలేదు?"

ఫాయిజా సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. కోటి కుర్చీ జరిపి కూర్చోమన్నా కూర్చోలేదు.