ప్రస్థానం మూట

ఆ రోజుల్లో బందరులో అద్దెగది దొరకడం తేలికే. అందులోంచి మర్యాదగా బయటపడడమే కష్టం. నేను గొడుగుపేటలో ఓ ప్లీడరుగారి దగ్గర రాతపని చేస్తూ అద్దెకున్న ఇంటాయన్ని మేమంతా చాటుగా గొళ్ళెం మావయ్యగారు అనేవాళ్ళం. పొద్దు వాలితే నూతి గిలక ఊడదీసి లోపల దాచుకుని, తలుపుకి గొళ్ళెం పెట్టి, పెట్టానో లేదోనని మళ్ళీ లేచి చూసుకునే మనిషి. నేనేమన్నా తక్కువ తిన్నానా? బయటికెళ్తూ నా ట్రంకుపెట్టె మూత సందులో ఓ దారప్పోగు ఇరికించి, వచ్చాక అది కదిలిందేమోనని చూసుకునేవాణ్ణి. (ఒకసారి కదిలింది. ఎలకో, మావయ్యగారో ఇప్పటికీ తేలలేదు.) అలా ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకుండానే, పైకి 'ఏవండీ', 'ఏం నాయనా' అనుకుంటూ రోజులు వెళ్ళదీశాం.

అంతలో గుడివాడలో ఓ బియ్యం మిల్లులో నాకు గుమాస్తా పని కుదిరింది. గురువారం పొద్దుటికి రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని షావుకారు కబురు చేశాడు. నాన్న లేని ఇల్లు మాది. అమ్మా, చెల్లెలూ నా సంపాదన కోసమే ఎదురుచూస్తున్నారు. బుధవారం మధ్యాహ్నం రైలు తప్పితే ఆ పని పోయినట్టే. కానీ బుధవారం నాకు తారాబలం లేదని, సోమవారం తెల్లవారుజామున ప్రస్థానం పెట్టమని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. అంటే మంచి ఘడియలో మన బట్టల మూటని ముందుగా ఇంకొకరింటికి చేర్చేస్తే మనం బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు ప్రయాణమైనా దారిలో ఆ మూట అందుకుని వెళ్ళొచ్చు. అయితే ఆ మూట మళ్ళీ మన గడప తొక్కకూడదు, ఊరు దాటేదాకా విప్పకూడదు.

సోమవారం చీకటితోనే లేచి పంచె, తువ్వాలు, పిడికెడు బియ్యం, ఓ పసుపుకొమ్ము మూటగట్టి గుమ్మం దాటానో లేదో, అరుగు మీంచి మావయ్యగారి గొంతు వినిపించింది. "ఎక్కడికోయ్, ఇంత పొద్దున్నే మూటతో?"

హరి హరీ! బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగొచ్చా? కిమ్మనకుండా మూట అరుగు మీద దింపి, శకున దోషం పోవడానికి పెరట్లోకెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూచున్నాను. గిలక అప్పుడే తగిలించారు కాబోలు, మావయ్యగారు నా వెంటే నూతిదాకా వచ్చి, ఉన్నంతసేపూ నా చేతుల వంకే చూస్తూ నుంచున్నారు. తిరిగొచ్చి ఎత్తితే మూట కాస్త బరువెక్కినట్టనిపించింది. లోకాన్నంతా అనుమానించే నాకు అప్పుడు మాత్రం అనుమానం రాలేదు. నిద్ర చాలక అలా ఉందనుకున్నాను. రెండు వీధులవతల కోర్టు బావ ఇంట్లో మూట పెట్టి వచ్చేశాను. (బావంటే చుట్టరికం కాదు, కోర్టులో పనిచేసే స్నేహితుడు.)

బుధవారం గది అప్పజెప్పే వేళకి మావయ్యగారు గోడమేకులూ, కిటికీ చువ్వలూ ఒక్కొక్కటే తడిమి చూశారు. అద్దె బాకీ లేదు, గోడకి మరక లేదు. ఇంక బయల్దేరదామనుకుంటుంటే, "ఆగు. సోమవారం నుంచి మా మరచెంబు కనపడటం లేదు" అంటూ చటుక్కున గదికి తాళం వేసేశారు. నా ట్రంకు లోపలే ఉండిపోయింది!

"ఆ మూటలో ఏముంది? ఎక్కడికంటే పలకవు. బయటికొచ్చావు, లోపలికెళ్ళావు, మళ్ళీ బయటికొచ్చావు. నేను చూళ్ళేదనుకున్నావా?"

"బట్టలండీ! మీ చెంబు నాకెందుకు? నా పెట్టె ఉంచేసుకుందామని మీరే దాచి ఉంటారు!"

"నేనా! అయితే మూట విప్పి చూపించు."

"విప్పితే ప్రస్థానం చెడుతుందండీ."

"ఓహో, దొంగతనానిక్కూడా శాస్త్రం అడ్డమొస్తుందన్నమాట!"

ఒళ్ళు మండిపోయింది. వాకిట్లో జట్కా సిద్ధంగా ఉంది, రైలు వేళ ముంచుకొస్తోంది. ఆయన భార్య, అత్తయ్యగారు, తలుపు చాటునుంచి ఏదో చెప్పబోతే, "నువ్వు లోపలికి పో" అని ఆయన కసిరారు. ఇంక నా వల్ల కాలేదు. "పదండి! అందులో మీ చెంబుంటే మీసం గొరిగించుకుంటా" అన్నాను. (అప్పటికది పందెం కాసేంత మీసం కాదు.)

కోర్టు బావ ఇంటి అరుగు మీద మూట విప్పాను. పంచె తీశాను, తువ్వాలు తీశాను. అడుగున తళతళలాడుతూ మరచెంబు! కోర్టు బావ నన్ను ముద్దాయిని చూసినట్టు చూశాడు. మావయ్యగారు "ఊఁ" అంటూ మూత తిప్పారు. గుప్పున నేతివాసన వచ్చింది. చెంబునిండా సున్నుండలు.

ఆయన ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, నెమ్మదిగా నమిలారు. "ఇవి మా ఇంటివే. మొన్న నేనడిగితే మినప్పప్పు నిండుకుందంది మీ అత్తయ్య!" అన్నారు చెంబు వంక చూస్తూ. అప్పటికి అర్థమైంది నాకు. మేమిద్దరం నూతి దగ్గర ఒకరినొకరు కాపలా కాస్తుంటే, ఆ తల్లి వచ్చి పొరుగూరు వెళ్ళే కుర్రాడి మూటలో అవి పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడతో నేను నాలుగు మాటలు మాట్లాడి ఎరగను. సిగ్గేసింది, కళ్ళనీళ్ళూ తిరిగాయి.

మావయ్యగారు చెంబు మూత బిగించి తన చేత్తోనే మూట కట్టారు. ఇంటికి తిరిగొచ్చి గది తాళం నా చేతికిచ్చారు. మూట గడప తొక్కకూడదు గనక, నేను ట్రంకు తెచ్చుకునేదాకా దాన్ని నెత్తిన పెట్టుకుని వీధి మధ్యన ఆయనే నుంచున్నారు. గుమ్మంలో ఉన్న అత్తయ్యగారితో మాత్రం ఒక్క మాటన్నారు: "మినప్పప్పు దొరికిందిలే." ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "చెంబుకి తొందరేం లేదు నాయనా, ఈసారి వచ్చినప్పుడు తెచ్చివ్వు" అంది. జట్కా కదిలేటప్పుడు అలవాటు కొద్దీ మావయ్యగారు "ఎక్క..." అనబోయి, గబుక్కున నాలిక కరుచుకుని, "వెళ్ళి రా" అన్నారు. రైలు అందింది. మీసం జోలికి ఎవరూ రాలేదు. దసరాకి చెంబు తిరిగిద్దామని వెళ్తే, అత్తయ్యగారు మళ్ళీ నింపి పంపింది.

ఇప్పుడు గుడివాడలో నాకూ ఓ ఇల్లుంది, పెరటివైపు గది అద్దెకిచ్చాను. పొద్దు వాలితే నేనూ గిలక ఊడదీసి లోపల పెడతానని మా ఆవిడ నవ్వుతుంది. మొన్న చీకటితోనే గదిలో కుర్రాడు మూటతో బయల్దేరాడు. ఆపుకుందామనుకునేలోగానే నోరు జారింది, "ఎక్కడికోయ్?" అని. పాపం, మూట అరుగు మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేనూ వెంటే నడిచాను. వెనక వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు. గిలక వంకే చూస్తూ నుంచున్నాను.