పెద్దమ్మ అంచు కుట్టిన సముద్రం

మా పెద్దమ్మ పరదాలు కుడుతుంది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం కిటికీలకు ఆవిడ కుట్టిన గుడ్డే వేలాడుతోంది. అయినా ఎవరింట్లో ఫొటో తీసుకున్నా మొదట వినపడే మాట, "ఆ పరదా కాస్త పక్కకి లాగండి, వెలుతురు రావాలి." ఫొటోగ్రాఫర్ని కనక నేనూ అన్నాను. అన్నప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకునేది.

అందుకే బట్టల కంపెనీ యజమానురాలు నాకు మొదటి పెద్ద పని ఇచ్చి, "గదిలో సముద్రం ఉండాలి. దాని అడుగున పగడపు రంగు గౌనులో అమ్మాయి కూర్చుని టీ తాగాలి. కలలాగా ఉండాలి" అనగానే నేరుగా పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"నలభై మీటర్ల నీలం గుడ్డ చింపి ఇవ్వు పెద్దమ్మా. ఏమీ కుట్టొద్దు. ఫ్యాను పెట్టి ఎగరేస్తాం, అదే అల."

"నా గుడ్డ ఫొటోలో పడుతుందా?"

"ఫొటో అంతా నీ గుడ్డే."

ఆవిడ టేపు మెడలో వేసుకుని, "సముద్రం ఎత్తెంత?" అని అడిగింది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

షూటింగ్ రోజు పెదనాన్న నిచ్చెనతో, పెద్దమ్మ మూటతో దిగారు. మూట విప్పితే అన్నీ కుట్లే. అంచు కుట్టని గుడ్డను గడప దాటించడం ఆవిడ వల్ల కాదు. సముద్రం రెండు పరదా రెక్కలైంది. నాలుగేసి అంగుళాలకో కుచ్చు, కింది అంచులో బరువుకి సీసం గుండ్లు, పైన రింగులు, లాగడానికి తాడు. ఇస్త్రీ కూడా చేసింది! ఫ్యాను ఎంత తిప్పినా ఒక్క అల లేవలేదు. బడి ప్రార్థనలో పిల్లల్లా బుద్ధిగా నిలబడింది సముద్రం.

యజమానురాలు ఇంకో గంటలో వస్తుంది. నా నోరు ఆగలేదు. "నేను సముద్రం అడిగితే నువ్వు కిటికీ పట్టుకొచ్చావు! దీన్ని ఫొటోలో ఎవరు చూస్తారు?"

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని, కింద చతికిలబడి, ఎడమ రెక్క అంచును బ్లేడుతో విప్పడం మొదలుపెట్టింది. సీసం గుండ్లు టపటపా రాలాయి.

"ఒకసారి వేసిన కుట్టు ఈవిడ విప్పడం నేనింతవరకు చూళ్లేదమ్మా" అన్నాడు పెదనాన్న నా చెవిలో. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూర్చునే తీరిక కూడా లేదు.

ఎడమ అంచు విప్పడం అయ్యేసరికి యజమానురాలు రానే వచ్చింది. చేసేది లేక ఉన్నది ఉన్నట్టే వేలాడదీశాం. మోడల్ అమ్మాయి టీ కప్పుతో గుడ్డ వెనక కూర్చుంది. పెదనాన్న అలవాటు చొప్పున తాడు లాగి చూశాడు. సముద్రం మధ్యలో విచ్చుకుని, రింగులు గలగలమంటూ రెండువైపులా జరిగింది. లోపల పగడపు గౌను అమ్మాయి, తలుపు కొట్టకుండా వచ్చినవాళ్లని చూసినట్టు మావైపు చూసింది.

"ఆగండి! ఇదే నాక్కావాల్సింది, తాడు వదలకండి!" అని యజమానురాలు అరిచింది. నేను ఫొటోలు తీసిన గంటన్నరసేపూ పెదనాన్న వదల్లేదు. చేతులు బొబ్బలెక్కాయి.

ఆ ఫొటో ఇప్పుడు పెద్దమ్మ కొట్లో గోడకి ఉంది. వచ్చినవాళ్లంతా ఎడమ అంచునే మెచ్చుకుంటారు, ఊడిన దారాలు అచ్చం నురగలా ఉన్నాయని. పెద్దమ్మ ఆ వైపుని అరచేత్తో మూసేసి, "ఇటు చూడండి, ఇటు. ఒక్క కుచ్చు తేడా ఉందేమో చెప్పండి" అంటుంది. ఎందుకు విప్పిందో మాత్రం ఎవరికీ చెప్పదు.

మొన్న నేనే చెప్పేశాను. "ఆ దారాలు ఆవిడ పని కాదండీ. నా నోటి దురుసు."

కిటికీ కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ తెల్లబోయింది.

"దురుసు కాదులే, పిల్లకి ఆత్రం ఎక్కువ" అంది పెద్దమ్మ. ఫొటో మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.