ముందు గేటు కాటా, వెనక గేటు కాటా

ఆ రోజుల్లో సబ్బవరం చుట్టుపక్కల ఏదైనా ఆగిందంటే చాలు, ప్లాట్లయిపోయేది. బావి ఎండితే ప్లాట్లు. ఇటుకల బట్టీ ఆరితే ప్లాట్లు. ముసలాయన మంచం పట్టాడని తెలిస్తే ఆయన తోటలో అప్పటికే తెల్ల రాళ్ళు పాతేసేవారు (ఆయన కోలుకుని తోటకి వెళ్తే అవే రాళ్ళు తగిలి మళ్ళీ మంచం పట్టేవాడు). అలాంటి కాలంలో మా తాత కట్టిన బియ్యం మిల్లు ఆగిపోయింది. తాత అప్పటికి పోయాడు. పెద్ద పెద్ద మిల్లులొచ్చాయి, రైతుల పిల్లలు ధాన్యం మానేసి గాజువాకలో డ్యూటీలు పట్టుకున్నారు, బస్తాలు రావడం తగ్గి, తగ్గి, ఒక ఏడాది అసలే రాలేదు. ఆ వారంలోనే మా చిన్నాన్న యాభై మీటర్ల కొలత టేపు కొన్నాడు. పెదనాన్న మాత్రం "నాను అమ్మను. గదులు కట్టి హోటలు పెడతాను. సిటీవోళ్ళు ఆదివారం పూట గాలి పీల్చుకోడానికి వొత్తారు" అన్నాడు. "మిల్లులో గాలేటి అన్నా, తవుడు పీలుత్తారు" అన్నాడు చిన్నాన్న. ఈ విషయంలో చిన్నాన్నదే రైటు. సున్నం ఎన్నిసార్లు వేసినా ముప్పై ఏళ్ళ తవుడు గోడల్లోంచి రాలుతూనే ఉండేది. మొదటి నెలలో వచ్చిన అతిథులు మాట్లాడిన మాటల కంటే తుమ్మిన తుమ్ములే ఎక్కువ (లెక్కపెట్టాను).

లెక్కపెట్టడం నా జబ్బు. అప్పటికి నాకు ఇరవై ఒక్కటి. డిగ్రీలో లెక్కల పేపరు రెండుసార్లు పోయింది. జవాబు సరిగ్గానే వచ్చేది గానీ, వాళ్ళ దారిలో కాకుండా నా దారిలో వచ్చేది. దిద్దేవాళ్ళకి నా దారి తెలీదు. మిల్లులో బస్తాల మధ్య పెరిగి నాకు నేనే నేర్చుకున్న లెక్క నాది. ఎవరేం అడిగినా దశాంశంతో సహా చెప్పేవాణ్ణని మా ఇంట్లో నన్ను పాయింటోడు అనేవారు. పెదనాన్న నన్ను హోటలు గుమ్మంలో కూచోబెట్టి ఒక పెద్ద పుస్తకం చేతికిచ్చాడు. అందులో రాయాల్సింది అతిథుల పేర్లు మాత్రమే కాదు, వాళ్ళ బరువులు కూడా.

ఇది కొంచెం చెప్పాలి. మిల్లుకి రెండు గేట్లు, రెండు కాటాలు. రైతు ధాన్యం ముందు గేటు కాటా మీద తూగి లోపలికి వచ్చేది. బియ్యం వెనక గేటు కాటా మీద తూగి బయటికి పోయేది. రెండూ పాతకాలపు ఇనప పలక కాటాలు, దండె మీద ఒక గుండు జరుపుతూ తూచేవి. తూగకుండా గేటు దాటింది ఏదీ లేదు. మిల్లు హోటలైనా పెదనాన్నకి ఆ అలవాటు పోలేదు. స్టీల్ ప్లాంటు క్వార్టర్ల నుంచి మొదటి కుటుంబం దిగగానే, "రండి రండి, కాటా ఎక్కండి" అన్నాడు. ఆ ఇంటావిడ నడుం మీద చెయ్యి వేసి, "మమ్మల్ని బస్తాలనుకున్నారేటి?" అంది. "బస్తాలైతే మోసుకొచ్చి పెట్టీవోళ్ళం తల్లీ. మీరే నడిసి ఎక్కాల" అన్నాడు పెదనాన్న. ఎక్కారు. పెట్టెలూ ఎక్కాయి. వెళ్ళేటప్పుడు కార్లు వెనక గేటు వైపు ఆగేవి కాబట్టి అక్కడి కాటా ఎక్కించాం. ఇంటాయన మూడు కిలోలు పెరిగాడు. ఒక్క ఆదివారంలో!

ఆ తరువాత వచ్చినవాళ్ళు కూడా పెరిగారు. అందరూ పెరిగారు. పెదనాన్న పొంగిపోయి, "వచ్చినప్పటి కంటే బరువుగా పంపిస్తాం" అని బోర్డు రాయించాడు. పెద్దమ్మ వంటకి పేరొచ్చేసింది. ఉలవచారు వల్ల అని కొందరు, కాదు గోంగూర వల్ల అని కొందరు. నేను మాత్రం పుస్తకం ముందేసుకుని రెండు నెలలు కూడికలు తీసివేతలు చేసి ఒక మహా సత్యం కనిపెట్టాను. పావుకిలో ఇటూ అటూగా, ప్రతి మనిషీ వచ్చినప్పటి బరువు మీద వందకి నాలుగు పాయింట్ సున్నా ఎనిమిది చొప్పున పెరుగుతున్నాడు. లావుగా ఉన్నవాళ్ళు ఎక్కువ, సన్నవాళ్ళు తక్కువ, కానీ వందకి మాత్రం అదే నాలుగు పాయింట్ సున్నా ఎనిమిది. తిన్నవాడూ అంతే, సగం కంచం వదిలేసినవాడూ అంతే. ఆహారశాస్త్రంలో ఇది నా పేరుతో నిలిచిపోతుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. సమయం కోసం ఆగాను (ఆగకుండా పెద్దమ్మకి చెప్పి ఉంటే ఆవిడ ఒక్క ప్రశ్నతో నా శాస్త్రాన్ని పొయ్యిలో పెట్టేసేది).

ఇంతలో చిన్నాన్న ఓపిక అయిపోయింది. మిల్లులో సగం ఆయనది మరి. అన్నదమ్ములిద్దరూ ఒక మాట అనుకున్నారు. చూడదగ్గ చోట్ల జాబితా తయారుచేసే ఆఫీసరు ఒకాయన వస్తున్నాడు. ఆయన మా హోటల్ని జాబితాలో రాస్తే బస్సులొస్తాయి, హోటలు ఉంటుంది. రాయకపోతే మర్నాడే తెల్ల రాళ్ళు. నా ఉద్యోగం కూడా ఆ రాళ్ళ కిందే పోతుంది.

ఆఫీసరుకి కావలసింది ఒకటే, చరిత్ర. పాత కట్టడమైతే దానికి చరిత్ర ఉండాలట. పెదనాన్న గుమ్మం పక్కన గోడ మీద చరిత్ర రాయించడానికి కూచున్నాడు. "రాజులు ఈ మిల్లులోనే ఒడ్లాడించుకునీవోరని రాయి" అన్నాడు. పెద్దమ్మ లోపల్నించే, "రాజులు ఒడ్ల బస్తా నెత్తినెట్టుకుని సబ్బవరం వచ్చినారేటి?" అంది. రాజుల్ని కొట్టేశాం. చివరికి, 'స్థాపించిన నాటి నుండి నేటి వరకు న్యాయమైన తూకానికి నిలువెత్తు సాక్ష్యం' అని పచ్చ రంగుతో రాయించాడు.

ఆఫీసరు కార్తీక సోమవారం పొద్దున్న వచ్చాడు. ముందు గేటు దగ్గర డెబ్భై ఎనిమిది పాయింట్ నాలుగు. "నాకు ఉపవాసమండీ, చుక్కను చూసేదాకా ఏమీ తినను" అన్నాడు. పెద్దమ్మ ముఖం వాడిపోయింది. ఆయన రోజంతా మిల్లంతా తిరిగి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, సాయంత్రం నాలుగింటికి వెనక గేటు కాటా ఎక్కాడు. చుట్టూ అందరూ ఉన్నారు. చిన్నాన్న టేపు పట్టుకుని నిలబడ్డాడు. మాకు అరిటాకులు తెచ్చే బండి తాత కూడా ఉన్నాడు (ముప్పై ఏళ్ళు ఎడ్లబండి మీద మా మిల్లుకి ధాన్యం తోలాడని ఆ పేరు). నేను గుండు జరిపి చదివాను, "ఎనభై ఒకటి పాయింట్ ఆరు."

"సూసినారా బాబూ!" అన్నాడు పెదనాన్న, "మా నీళ్ళకే మూడు కిలోల రెండొందలు!"

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు గ్లాసులకా?"

నా సమయం వచ్చిందనుకున్నాను. ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాను. "నీళ్ళ వల్ల కాదు సార్. తిండి వల్ల అనుకున్నాను గానీ, మీరు తినలేదు కాబట్టి ఇది గాలి వల్ల. వందకి నాలుగు పాయింట్ సున్నా ఎనిమిది. ఎవరైనా అంతే. చంటిపిల్ల నాలుగు వందల గ్రాములు పెరిగింది. ఆఖరికి ఒకాయన తాళం కూడా తియ్యని సూట్‌కేసు ఇరవై నాలుగున్నర కిలోలు వచ్చి ఇరవై అయిదున్నర..."

అక్కడ ఆగిపోయాను.

"సూట్‌కేసు ఏం తిందండీ?" అన్నాడు ఆఫీసరు, చాలా మర్యాదగా.

బండి తాత అరిటాకుల కట్ట కింద పెట్టి ముందు గేటు వైపు నడిచాడు. మేమంతా ఊరేగింపులా వెనకాల నడిచాం. కాటా ఎక్కి, "సదువు" అన్నాడు. నలభై తొమ్మిది. దిగి, మళ్ళీ మిల్లు చుట్టి వెనక గేటు దగ్గరికొచ్చి ఎక్కాడు. యాభై ఒకటి. దిగి పెదనాన్న ముఖంలోకి చూశాడు. "ఏటి బాబూ, ఈ నాలుగడుగుల్లో రెండు కిలోలు బలిసిపోనానా నాను?"

చిన్నాన్న గుండ్లు రెండూ ఊడదీసి తిరగేశాడు. ముందు గేటు గుండులో సీసం పోసి ఉంది. వెనక గేటు గుండు అడుగున తవ్వి ఉంది. వచ్చేదాన్ని తక్కువ, పోయేదాన్ని ఎక్కువ చూపించే పనితనం. చిన్నాన్న సంతోషంతో, "ఇంకేటి, జాబితా అయిపోనాది! ఎవుడు సేసినాడీ దొంగపని?" అని అరిచాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ అయ్యే. ఏటా కోతల ముందు గుండ్లకి రంగేసుకునీవోరు. ఎవుల్నీ ముట్టుకోనిచ్చీవోరు కాదు" అంది. చిన్నాన్న టేపు మెల్లిగా చుట్టేసుకున్నాడు. పెదనాన్న మెట్టు మీద కూలబడ్డాడు. ఆయనకి నిజంగానే తెలీదు. ఆ పూట ఆయన ముఖం చూసినవాళ్ళెవరూ దాన్ని అనుమానించలేదు.

బండి తాత అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నా పొలంలోనే సత్తువ నేదనుకున్నాను బాబూ" అన్నాడు. "ఇంటికాడ తూసుకుంటే ఒకలాగ, ఇక్కడికొచ్చీసరికి ఒకలాగ. దార్లో బస్తాలు కారిపోతన్నాయేమో అనేసి మా ఆడది రాత్రీ పగలూ గోనెలు కుట్టేది. నాను పెంట తోలిందే తోలినాను. ముప్పై ఏళ్ళు."

పెదనాన్న లేచాడు. సున్నం బకెట్ తెప్పించి, గోడ మీద పచ్చ అక్షరాల్ని తన చేత్తోనే కొట్టేశాడు. తరువాత కుర్చీ తెచ్చి బండి తాతని ఆఫీసరు ఎదురుగా కూచోబెట్టి, "ఈ మిల్లు సరిత్ర ఈయనకి తెలుసు. ఈయన్నడగండి" అన్నాడు. అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

బండి తాత చెప్పాడు. ఎవరి ధాన్యం ఎంత తరిగిందో, ఏ ఏడాది మా తాత ఎలా నవ్వి తాంబూలం ఇచ్చాడో, అన్నీ. చుక్క పొడిచినా ఆఫీసరుకి తినాలని తోచలేదు. పదిహేను రోజులకి జాబితా వచ్చింది. మా పేరు ఉంది. దాని పక్కన ఇలా ఉంది: 'చుట్టుపక్కల అన్ని చోట్లా చరిత్ర చెప్పారు. ఇక్కడ ఒక్క చోటే రుజువు చూపించారు.' అలా తాత చేసిన మోసం మా మిల్లుని ప్లాట్లు కాకుండా కాపాడింది. న్యాయమైన తూకమే అయి ఉంటే ఈపాటికి మేం తెల్ల రాళ్ళమే.

కాటాలు బాగు చేయించొద్దని బండి తాతే అన్నాడు. ఏటా కొత్త ధాన్యం రాగానే డెబ్భై అయిదు కిలోల బస్తా ఒకటి తెచ్చి, ముందు గేటులో తూయించి, వెనక గేటు దాకా నా వీపు మీద మోయించి, మళ్ళీ తూయించి, మూడు కిలోలు పెరిగిందని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, భోంచేసి వెళ్ళేవాడు. "గాలికే పెరిగిందిరా పాయింటోడా" అనేవాడు. ఉన్నన్నాళ్ళూ వచ్చాడు. ఆయన రాని మొదటి ఏడాది నా వీపు తేలిగ్గా అనిపించలేదు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. పెదనాన్న లేడు, హోటలు నేనే చూసుకుంటున్నాను, అతిథులు కాటాలతో ఫొటోలు దిగడానికే వస్తున్నారు. మొన్న దువ్వాడలో డాక్టరు నన్ను తూచి, డెబ్భై అయిదు వచ్చిందని, మూడు కిలోలు తగ్గాలని, రోజూ నడవాలని చెప్పాడు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. వెనక గేటు నుంచి ముందు గేటుకి నలభై రెండు అడుగులు. రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. నడిచిన ప్రతిసారీ, పాయింటు కూడా తేడా లేకుండా, మూడు కిలోలు తగ్గుతున్నాను.