గాలి రావచ్చు గానీ స్లిప్పు రాకూడదు

పదో తరగతి లెక్కల పరీక్ష నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి బెజవాడలో, ఒక సిమెంటు రేకుల షెడ్డులో. గంట గడిచేసరికి కళ్లు తిరిగి బల్ల మీద పడిపోయాను. తెలివి వచ్చేసరికి ఆయా నా మొహాన నీళ్లు చల్లుతోంది, ఆన్సరు పేపరు తడిసి ముద్దయింది, ఇన్విజిలేటరు గారు వాచీ చూసుకుంటున్నారు. మా ఇంట్లో వాళ్లు దిష్టి తగిలిందన్నారు. నా మొహానికి దిష్టి కూడానా! రేకుల వేడి తగిలిందని మాత్రం ఒక్కరూ అనలేదు.

అందుకే, తొంభైల చివర్లో, కూచిపూడి వెళ్లే దారిలోని ఒక ఊరికి ప్రభుత్వ హైస్కూలు డిజైను చేసే పని ఇంజినీరునైన నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఒక్కటే అనుకున్నాను. మండే ఎండల్లో, కరెంటు లేకపోయినా, ఒక పిల్ల కళ్లు తిరగకుండా రెండున్నర గంటలు కూర్చుని పరీక్ష రాయగలగాలి.

కొండపల్లి దగ్గర రాత్రింబవళ్లు కరెంటు తయారవుతూనే ఉండేది. మా నెత్తి మీది తీగల్లోంచి ఎక్కడికో పోయేది. మాకు కోతలు మిగిలేవి. కాబట్టి ఫ్యాన్లను నమ్ముకోలేదు. పడమటి గోడకు కిటికీ పెట్టలేదు. పైన బంగళా పెంకు, వేడి పోవడానికి దాని కింద సందు. ఉత్తరం, దక్షిణం గోడల్లో కిటికీల కింద, ఇటుకకీ ఇటుకకీ మధ్య ఖాళీ వదిలిన జాలీ. కూర్చున్న పిల్లలకు గాలి సూటిగా తగలాలని.

మా పై ఆఫీసరు డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమండీ, ఇటుకలు చాల్లేదా?" అన్నారు. మేస్త్రీ ఇంకాస్త మర్యాదస్తుడు. "పావురాలకి బాగుంటదండీ," అన్నాడు. ఆ ఖాళీల కోసం ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. ఖాళీకి బిల్లు ఉండదు గనక దాని మీద ఎవరికీ ప్రేమ ఉండదని ఆలస్యంగా తెలిసింది.

స్కూలు తెరిచాక, మొదటి ఏప్రిల్లో ఒంటిపూట బడి రోజున, పదకొండున్నర ఎండలో వెళ్లి చూశాను. కరెంటు లేదు. ఆ సంగతి ఎవరూ గమనించినట్టు కూడా లేదు. వెనక బెంచీలో ఒకడు హాయిగా నిద్రపోతున్నాడు. అంతకంటే గొప్ప సర్టిఫికెట్టు నాకు ఈనాటికీ ఎవరూ ఇవ్వలేదు. నిజంగా ఏడుపొచ్చింది.

మరుసటి ఏడు ఆ స్కూలుకు పదో తరగతి పరీక్షల సెంటరు వచ్చింది. పక్క ఊళ్లో ఉండే మా అక్క కూతురికి అక్కడే పడింది. "నీకేం భయం లేదే, అది నేను కట్టిన స్కూలు," అని దాని ముందు బోలెడు కోతలు కోశాను.

పరీక్షలకు వారం ముందు హెడ్మాస్టరు గారు ఫోను చేసి, సెంటరుకు అంతా సిద్ధం చేయించామని, ఒకసారి వచ్చి చూడమని పిలిచారు. వెళ్లాను. జాలీల్లో ఇటుక ముక్కలు కుక్కి, సిమెంటు పూసి, సున్నం కొట్టించారు. కింది కిటికీ రెక్కలకు మేకులు. పట్టపగలు ట్యూబులైట్లు. కొత్త గోడ మీద నీలం అక్షరాలతో 'విద్యుత్తును పొదుపు చేయండి'.

"మాస్టారూ, ఇదేంటండీ?"

"గాలి రావచ్చు గానీ స్లిప్పు రాకూడదు కదండీ, మేడమ్ గారూ!"

మా వైపు సెంటరంటే తిరనాళ్లే. లోపల పిల్లలు రాస్తారు. బయట బావలు, బాబాయిలు, ట్యూషను మాస్టార్లు రాస్తారు. బయట రాసింది స్లిప్పయి కిటికీలోంచి లోపలికి వెళ్తుంది. ఇక్కడే పుట్టి పెరిగి, ఇదంతా తెలిసి, పిల్లల చేతికందే ఎత్తులో వరసగా చిల్లులు పెట్టిన మహా మేధావిని నేను. డ్రాయింగులో గాలికి బాణం గుర్తులు వేశాను. స్లిప్పు కూడా ఆ బాణం వెంటే వస్తుందని తట్టలేదు.

"ఇనప వల కొట్టించాల్సిందండీ."

"చుట్ట చుట్టి వలలోంచి తోస్తారండి. ఫ్లయింగ్ స్క్వాడ్ వాళ్లు చూశారంటే సెంటరు పోద్ది. అది పోతే మా ఆడపిల్లలు రెండు బస్సులు మారాలి. సగం మందిని ఇళ్లల్లో పంపరండి."

జాలీ ఉన్నచోట కొత్త సిమెంటును వేలితో తట్టి చూశాను. "ఫ్యాన్లు పెట్టించాం కదండీ," అని ఆయనే నన్ను ఓదార్చారు.

లెక్కల పరీక్ష రోజున గేటు బయట నిలబడ్డాను. అరగంటకే కరెంటు పోయింది. బెల్లు కొట్టేదాకా రాలేదు.

మా పిల్ల బయటికి వచ్చింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చెమటకు హాల్ టికెట్టు మీద సిరా చెదిరింది.

"పిన్నీ, నీ గదిలో ఊపిరాడలా. కళ్లు తిరిగినై. చివరి రెండు లెక్కలు రాయలా."

"మంచినీళ్లు అడగలేకపోయావుటే?"

"అడిగా. నీళ్లాయన గ్లాసు కింద స్లిప్పు పెట్టి అందరికీ ఇస్తన్నాడు. నాకు స్లిప్పు వద్దన్నా. గ్లాసు కూడా తీసుకుని పోయాడు."