తాళం పగలగొట్టిన టేకుపెట్టె

మా తమ్ముడి కూతురు బ్రాడీపేటలో పాత కలపతో ఫర్నిచర్ చేస్తుంది. నిన్న వెళ్తే, ప్రత్తిపాడులో మా ఇంటి నుంచి తెచ్చిన టేకుపెట్టెని ఉప్పుకాగితంతో రుద్దుతోంది.

"మా బుడ్డోడి బొమ్మలకి, అత్తా!" అంటూ మూత ఎత్తింది. గుప్పున ఆ ఘాటు.

పత్తి పండించే ఇళ్ళలో పెరిగినవాళ్ళూ, మీకూ గుర్తుందా పురుగుమందుల పెట్టె? దాని మీద చెయ్యి వేస్తే మాకు వీపు పగిలేది. తాళంచెవి గోడ మేకుకి ఉండేది. చేలు నీళ్ళలో కుళ్ళిపోయిన ఏడు మాత్రం, అమ్మ దాన్ని తన పసుపుతాడుకి కట్టుకుంది.

ఓ మధ్యాహ్నం నాన్న అన్నం ముందు నుంచి లేచాడు.

"తాళం ఇటియ్యవే. మందు కొట్టాలి."

అమ్మ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. "చేలో పత్తేదయ్యా, మందు కొట్టడానికి?"

నాన్న ఆ పెట్టె మీదే కూలబడ్డాడు. తలుపు చాటు నుంచి నేను చూస్తున్నాను. చాలాసేపటికి లేచి, మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు.

"వద్దమ్మా, ఇది మందుల పెట్టె. పిల్లాడి దరిదాపుల్లో పెట్టకు," అన్నాను మేనకోడలితో.

"అయ్యో, తెలీదత్తా! తాళంచెవి ఎంత వెతికినా దొరక్క పగలగొట్టాం."

"మీ నానమ్మ మెళ్ళో ఇప్పటికీ వేలాడేది ఏంటనుకున్నావే?"